దండ వేసిన పెన్‌డ్రైవ్

మొన్న దసరాకి మీ ఆఫీసు కంప్యూటర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టారు కదా, దాని లోపల ఉన్న సరుకు ఏ నెలదో ఎప్పుడైనా అడిగారా?

అడిగి ఉండరు. మనకి పూజకు ఉన్నంత తీరిక ప్రశ్నకు ఉండదు. ఈ మాట నేను సభల్లో ముప్పై ఏళ్లుగా అంటున్నాను. విన్నవాళ్లు చప్పట్లు కొట్టి, ఇంటికి వెళ్తూ గుమ్మానికి కట్టే నిమ్మకాయలు కొనుక్కుపోయారు. ఏలూరులో ఒకావిడ ఈ మాట అనకుండానే చేసి చూపించారు. ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ పేరుకీ ఒక పటం కట్టిస్తారు. మనవాళ్లు పటాలు కట్టి ఏం చేస్తారో ఈమధ్యే తాడేపల్లిగూడెంలో నా కళ్లతో చూశాను. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

దసరా వెళ్లిన వారం ప్రింటర్ ఇంకు కోసం అక్కడొక కంప్యూటర్ షాపుకి వెళ్లాను. యజమాని శెట్టిగారు నాకు చాలాకాలంగా తెలుసు. మంచి మనిషి, మాట మెత్తన, మా హేతువాద పత్రికకి చందాదారు కూడా. చదవరనుకోండి. ఆయన కుర్చీ వెనక గోడకి దేవుడి అర ఉంది. అందులో లక్ష్మీదేవి, వినాయకుడు, వాళ్ల నాన్నగారి ఫోటో. ఆ మూడింటి ముందు చిన్న స్టీలు పళ్లెంలో ఒక పెన్‌డ్రైవ్. దానికి పసుపు, బొట్టు. చుట్టూ వాడిపోయిన బంతిపూల దండ.

"అదేంటండీ శెట్టిగారూ?"

"గుర్తుపట్టలేదాండీ మాస్టారూ? మన ఏలూరు మేడం గారిదండీ. ఆఖరిసారి ఆవిడ చేత్తో చేసిచ్చింది."

"ఆవిడ చర్చికి వెళ్లేవారు కదండీ."

"వెళ్తే ఏవండీ? చల్లని చెయ్యండీ ఆవిడది. ఈ డ్రైవుతో వేసిన మిషను ఒక్కటీ తిరిగి రాలేదండీ. అందుకే ఆయుధపూజలో మొదటి బొట్టు దీనికే పెట్టానండీ."

పళ్లెం దగ్గరికి వెళ్లి చూశాను. డ్రైవు మీద చిన్న కాగితం అంటించి, గుండ్రటి అక్షరాలతో నెల, సంవత్సరం రాసి ఉన్నాయి. ఆవిడ చేతిరాతే. పోయిన ఏడాది జూన్. వేళ్ల మీద లెక్కపెట్టాను. పదహారు నెలలు.

వెనక్కి తిరిగితే బల్ల మీద వరసగా పది కొత్త కంప్యూటర్లు.

"ఇవెక్కడికండీ?"

"కొల్లేటి ఊళ్లకండీ. హెల్త్ సెంటర్లకి. ఎల్లుండి నర్సమ్మలొచ్చి తీసుకెళ్తారండీ. అన్నిటికీ మేడం గారి డ్రైవుతోనే వేసేశానండీ, ఆయ్!"

సంతోషంగా చెప్పారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకో తెలియాలంటే ముందు ఆవిడ ఏం చేసేవారో తెలియాలి.

కొత్త మిషన్‌లో ముందుగా ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలి. అది వేసే డిస్కునో పెన్‌డ్రైవునో మెకానిక్కులు సోర్సు అంటారు. సోర్సు తయారైన రోజు నుంచీ దొంగలు అందులో సందులు వెతుకుతూనే ఉంటారు. బయటపడిన సందులకి కంపెనీ నెలనెలా అతుకులు పంపుతుంది. వాటినే మనం అప్‌డేట్లు అంటున్నాం. అందరూ చేసేది ఏమిటంటే, పాత సోర్సుతో మిషన్ వేసి ఇచ్చేసి, అతుకులు తర్వాత ఇంటర్నెట్‌లో అవే వస్తాయిలే అనుకోవడం. కొల్లేటి లంకల్లో ఫోన్‌కి సిగ్నల్ కావాలంటే చెరువు గట్టెక్కి చెయ్యి పైకెత్తాలి. అక్కడికి అవెలా వస్తాయి? మిషన్ ఎన్ని సందులతో పుట్టిందో అన్ని సందులతోనే పనిచేస్తూ ఉంటుంది, ఎవరి పెన్‌డ్రైవులోనో ఎక్కి దొంగ వచ్చేదాకా.

ఆవిడ సోర్సునే విప్పేవారు. ప్రతి నెలా రెండో బుధవారం కొత్త అతుకులు దించుకుని, వాటిని ఆ సోర్సు లోపలే వరసగా కలిపి, మళ్లీ మూసేవారు. దాంతో వేసిన మిషన్ అతుకులన్నిటితో పుడుతుంది. సిగ్నల్ లేని ఊరికి వెళ్లినా ఆ నెల వరకు దానికి లోటుండదు.

"మాది అత్తిలి పక్కనండీ మాస్టారూ," అన్నారు ఒకసారి. "మా నాన్న విత్తనశుద్ధి చెయ్యకుండా నారు పోసేవాడు కాదండీ. చేనంతా తెగులొచ్చాక మందు కొట్టడం కంటే గింజకే పట్టించడం తేలిక కదండీ. నేను చేసేదీ అదే. మహత్తేం లేదు."

మహత్తేం లేదు అన్నది ఆవిడ ఊతపదం. ఎవరు పొగిడినా అదే జవాబు.

పొట్టి మనిషి. కళ్లజోడు నల్లదారంతో మెడలో వేలాడేది. కాలేజీ ల్యాబులో అసిస్టెంటుగా చేసి రిటైరై, ఏలూరు కాలవ దగ్గర తన ఇంటి ముందుగదిలో రెండు బల్లలు వేసుకున్నారు. ఆ గది తలుపు లోపలివైపు నల్లరంగు పూయించి, చేయాల్సిన పని వరస సుద్దముక్కతో రాసేవారు. అతుకుల్ని అందుకునే భాగాన్ని ముందు బాగుచెయ్యాలి, మిగతావి ఆ తర్వాత. "నాగలి విరిగి ఉంటే ముందు నాగలి చూసుకుంటామా, చేలోకి పోతామాండీ?" అనేవారు. ఒక్కో మెట్టు అయ్యాక కొట్టేసేవారు. వరస తప్పిందన్న అనుమానం వస్తే సాయంత్రం వరకు చేసిన పనైనా వదిలేసి, కంపెనీ ఇచ్చిన అసలు సోర్సు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టేవారు. పోయిన నెల తను చేసినదాని మీద ఈ నెలది ఎప్పుడూ కట్టలేదు.

"ఎందుకండీ అంత శ్రమ? మీరు చేసిందే కదా!" అని అడిగాను.

"నేను చేసిందనేగాండీ అనుమానం."

క్యాబినెట్ విప్పే ముందు చేతులు కడుక్కునేవారు. ఒకాయన తన మిషన్ తెచ్చి, ఆవిడ చేతులు కడుక్కోవడం భక్తిగా చూసి, తనూ కడుక్కుని క్యాబినెట్‌కి తాకించి కళ్లకద్దుకోబోయాడు. "చెమటలో ఉప్పుంటుందండీ, బోర్డు తుప్పు పడుతుంది, అందుకు కడుక్కున్నాను. మీరు కళ్లకద్దుకోకండి, సబ్బు మండుతుంది," అన్నారు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆవిడ చదివించడం. కంపెనీ తన ప్రతి ఫైలుతో పాటు అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన ఒక పొడవాటి వరస ప్రకటిస్తుంది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం వేరేగా వస్తుంది. అది సరిపోతేనే మన చేతికొచ్చింది అసలు సరుకు. మిషనే రెండూ పోల్చి చెబుతుంది కదా అంటే ఒప్పుకునేవారు కాదు. డ్రైవు కోసం వచ్చిన మనిషినే కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చి, "నాలుగేసి చొప్పున పైకి చదవండి," అనేవారు. తను తెర మీద చూసుకుంటూ "ఊఁ" కొట్టేవారు. గుమాస్తా, టీచరు, చేపల మేత కొట్టు ఆయన, ఎవరైనా చదవాల్సిందే. "మీ మీద మాకు నమ్మకం ఉందండీ," అని తప్పించుకోబోతే ఆవిడకి చిరాకు వచ్చేది. "నా మీద ఎందుకండీ? ఎదురుగా అంకెలున్నాయిగా. చదవండి."

నేను కూడా చదివాను. అంతకంటే ముందు చీవాట్లు తిన్నాను.

మా పత్రిక ఆఫీసు మిషన్ మొరాయిస్తే ఆవిడని పిలిచాం. మొదటిసారి చూడటం అప్పుడే. వచ్చి కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, తెర పైన నేనంటించిన కాగితం చదివారు. 'అప్‌డేట్ చేయరాదు.' అంతకుముందు ఒక మెకానిక్ చెప్పిన మాట అది. నేనే ఎర్రసిరాతో రాసి అంటించాను.

"తాయెత్తు బాగుందండీ," అన్నారు.

ఊరూరా తిరిగి మనుషుల చేతులకున్న తాయెత్తులు విప్పించినవాణ్ణి. ఒళ్లు మండింది. "అలా అనకండి. అనుభవంతో చెబుతున్నాను. ఒకసారి అప్‌డేట్ చేస్తే ప్రింటర్ ఆగిపోయింది," అన్నాను.

"ఒకసారి టీకా వేయించుకుంటే జ్వరమొచ్చిందని మళ్లీ వేయించుకోనివాళ్లని మీ పత్రికలో ఏమని తిడతారండీ?"

ఎదుటివాడికి జవాబు లేకుండా చేయడం నా వృత్తి. ఆ రోజు ఆ కుర్చీలో నేనున్నాను. ఆవిడ మాత్రం గెలిచినట్టు కనబడలేదు. "మీరన్నది నిజమేనండీ, అతుకులూ ఒక్కోసారి ఇబ్బంది పెడతాయి. అందుకే ముందు నా ఇంటి మిషన్ మీద వేసి, ప్రింటర్ తిప్పి, ఒకరోజు చూసి అప్పుడు మీకిస్తాను. సరేనా?" అంటూ లేచి నా ఎర్రసిరా కాగితం పీకి నా చేతిలో పెట్టారు. చించే పని నాకే వదిలేశారు.

ఆవిడతో నేను నెగ్గలేని వాదం ఇంకొకటి ఉంది. ఆదివారం చర్చి మానేవారు కాదు. మీలాంటి మనిషికి ఇదేంటండీ అని పదిసార్లు అడిగి ఉంటాను. "ప్రభువుని నమ్ముతానండీ, ఫైలుని నమ్మను," అనేవారు. ఆ జవాబు నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. అయితే దేవుణ్ణి నమ్మని నేను అంతకుముందు ఫైలుని గుడ్డిగా నమ్మాను. ఆ సంగతీ ఒప్పుకోవాలి.

ఇక కొల్లేరు సంగతి. అది చెప్పకపోతే ఆవిడ గురించి ఏమీ చెప్పనట్టే.

ఒకరోజు పొద్దున నేను పత్రిక పని మీద ఆవిడ గదిలో ఉండగా ఫోన్ మోగింది. అవతల లంక ఊళ్లో పనిచేసే నర్సమ్మ. ఏడుస్తోంది. నాకూ వినబడింది. హెల్త్ సెంటర్ మిషన్ తెరిస్తే ఫైళ్లన్నిటికీ ఎవడో తాళం వేసేశాడు. తెర నిండా డబ్బు కట్టమని ఇంగ్లీషులో బెదిరింపు. గర్భిణుల జాబితా అంతా అందులోనే ఉంది. ఎవరికి ఎన్నో నెల, ఎవరికి రక్తం తక్కువ, ఎవరి కాన్పు ఎప్పుడు.

"రిజిస్టర్‌లో లేదామ్మా?" అని అడిగారు మేడం గారు.

"మిషన్ వచ్చాక రిజిస్టర్ రాయడం మానేశానండీ..."

ఇద్దరం బయల్దేరాం. ఆ ఏడాది వానలకి రోడ్డు తెగి, చివరి మైలు గుర్రపుడెక్క తోసుకుంటూ దోనె మీద పోవలసి వచ్చింది. మేం వెళ్లేసరికి మిషన్ ముందు ముగ్గురు పెద్దలు నిలబడి ఉన్నారు. దక్షిణం మొహంగా పెట్టారు కాబట్టే ఇలా జరిగిందని తేల్చారు. అప్పటికే మిషన్‌కి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. నేను గొంతు సవరించుకున్నాను.

"మాస్టారూ, మీ ఉపన్యాసం తర్వాత. ముందు ఆ నిమ్మకాయ తెంపుకొచ్చి మజ్జిగలో పిండండి, దాహంగా ఉంది," అన్నారు ఆవిడ.

పెద్దల్లో ఒకాయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నేను నిమ్మకాయ తెంపాను. ఆవిడ నర్సమ్మని అడిగారు.

"ఈ మిషన్ ఏ సోర్సుతో వేశారమ్మా?"

"మీదేనండీ. మధ్యలో ఒకసారి పాడైతే మీరిచ్చిన డ్రైవుతోనే మళ్లీ వేయించానండీ."

"నేనది ఇచ్చి ఎన్నాళ్లయింది?"

"ఏడాది దాటిందండీ. బీరువాలో జాగ్రత్తగా దాచానండీ. షాపాయన కొత్తది తెస్తానన్నా నేనే వద్దన్నాను. మేడం గారిది ఉండగా ఇంకోటెందుకని."

ఆవిడ కళ్లజోడు తీసేశారు.

"తప్పు నాది," అన్నారు నా వైపు తిరిగి. అండీ లేకుండా. నాతో ఆవిడ అండీ లేకుండా గట్టిగా మాట్లాడటం ఆ ఒక్కసారే విన్నాను.

"అయ్యో, మీదేం తప్పండీ, ఎవడో దొంగ..." అంది నర్సమ్మ.

"దొంగ ఎలాగూ వస్తాడమ్మా. నెలనెలా షాపులకి కొత్తవి ఇస్తూ వచ్చాను గానీ నీ దగ్గర పాతది ఉండిపోయిందన్న సంగతి చూసుకోలేదు. ఉంచితే వాడతారు. నాకు తెలియద్దూ?"

తాళం పడిన ఫైళ్లు తెరవడం ఆవిడ వల్లా కాలేదు. మహత్తు లేదని ఆవిడే చెప్పేవారు కదా. మిషన్ పక్కన పెట్టి ఒక నోటుపుస్తకం తెప్పించారు. నర్సమ్మ గుర్తున్న పేర్లు చెబుతుంటే రాశారు. తర్వాత ముగ్గురం ఇల్లిల్లూ తిరిగాం. రెండు రోజుల్లో అందరూ దొరికారు, ఒక్కామె తప్ప. చేపల చెరువు కాపలాకి ఎక్కడినుంచో వచ్చిన కుటుంబం వాళ్లది. నర్సమ్మకి ఆమె ముఖం గుర్తుంది, రక్తం బాగా తక్కువని గుర్తుంది, కాన్పు దగ్గరపడిందని గుర్తుంది. పేరు గుర్తు లేదు. సరస్సు ఆక్రమణల గొడవలో అధికారులు ఆ చెరువు గట్టు తెగ్గొట్టేశారు. కుటుంబం ఇంకో చెరువుకి మారిపోయింది. ఏ చెరువుకి? ఊళ్లో ఎవరూ చెప్పలేకపోయారు. కాపలావాళ్ల పేర్లు ఎవరికి కావాలి? ఆమె పేరు మిషన్‌కి తెలుసు, ఊరికి తెలియదు.

మూడో రోజు గట్ల మీద నడిచాం. అరవై దాటిన మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఆ జారుడు బురదలో మేత బస్తాలు పట్టుకుంటూ ముందు నడిచారు. ఇక వెనక్కి వెళ్దామని నేను రెండుసార్లన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. మధ్యాహ్నానికి నాలుగో చెరువు దగ్గర టార్పాలిన్ గుడిసెలో ఆమె కనబడింది. కాళ్లు వాచి ఉన్నాయి. లేచి కూర్చోవడానికే ఆయాసపడుతోంది.

"నా కోసం వచ్చారా?" అంది. నమ్మలేకపోయింది. "నా కోసమే?"

"నీ కోసమేనమ్మా. నీ పేరు చెప్పు, ముందు రాసుకుంటాను," అన్నారు మేడం గారు.

దోనెలో పడుకోబెట్టి, అక్కడినుంచి ఆటోలో, ఆ సాయంత్రానికి ఏలూరు ఆస్పత్రిలో చేర్చాం. తల్లీ బిడ్డా దక్కారు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే ఇద్దరూ పోయేవారని డాక్టరు చెప్పారు.

దాని మీద నేనొక వ్యాసం రాసి, అచ్చుకు ముందు ఆవిడకి చూపించాను. పొగుడుతూనే రాశాను. ఆవిడ చివరిదాకా చదివి, వెనక్కిస్తూ, "ఇందులో నా తప్పు లేదేంటండీ?" అన్నారు. నేను కావాలనే వదిలేశాను. మా వైపు మనుషుల తప్పులు మేమూ దాస్తాం, మఠాలవాళ్లు దాచినట్టే. ఆవిడ పెన్ను తీసుకుని మార్జిన్‌లో రెండు వాక్యాలు రాశారు: పాత డ్రైవు వెనక్కి తీసుకోకపోవడం తన తప్పని, ఎవరి దగ్గరైనా పాతది ఉంటే తెచ్చివ్వమని. ఆ వ్యాసంలో ఎవరికైనా పనికొచ్చినవి ఆ రెండే.

అప్పటినుంచి కొత్త డ్రైవు కావాలంటే పాతది వెనక్కివ్వాలి. ఇచ్చినవాళ్ల ఎదుటే, వాళ్ల కళ్ల ముందే దాన్ని చెరిపేసేవారు. బాగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు చెరుపుతున్నారండీ అని కొందరు నొచ్చుకున్నారు. ఒక హెడ్మాస్టరు గారైతే అలిగి రావడమే మానేశారు. ఆవిడే బస్సెక్కి దెందులూరు వెళ్లి, ఆయన బడిలో కూర్చుని పాతది చెరిపి కొత్తది ఇచ్చి వచ్చారు. "అలక తీరాక కాఫీ ఇచ్చారండీ, పంచదార లేకుండా," అని చెప్పారు నాకు.

పోయిన ఏడాది జులైలో, ఆ నెల రెండో బుధవారం ఇంకా రాకముందే, గుండె ఆగి పోయారు. జూన్‌లో ఇచ్చినవాటిని వెనక్కి తీసుకోవడానికి ఆవిడ లేరు. శెట్టిగారి పళ్లెంలో ఉన్నది అదే. ఆవిడ బతికి ఉంటే ఆ జులైలోనే చెరిపేసి ఉండేదాన్ని దేవుడి అరలోకి ఎక్కించారు. కొల్లేటి నర్సమ్మ ఒకప్పుడు బీరువాలో చేసిన పనే, పసుపు కుంకుమలతో.

శెట్టిగారితో చెప్పాను. చెరిపెయ్యమన్నాను. ఆయన మొహం చిన్నబోయింది.

"ఆవిడ చేతి పని మీద నన్ను చెయ్యి వెయ్యమంటారాండీ?"

"ఆవిడే వేసేవారు కదండీ, నెలనెలా!"

"ఆవిడ వేరండీ. ఏవండీ మాస్టారూ, మీకు దేవుడంటే ఎలాగూ లేదు, పోయిన మనిషన్నా లేదాండీ?"

ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్నందుకు ఇంకా గట్టిగా మాట్లాడాను. అరగంట ఉపన్యాసం ఇచ్చాను. షాపుకొచ్చినవాళ్లు చుట్టూ మూగారు. ఇన్ని సభల అనుభవం నాది, ఒక్క వాదం వదల్లేదు. ఆఖర్న శెట్టిగారు చేతులు జోడించి, "మీరు చెప్పింది నిజమే అయ్యుంటుందండీ. నా చెయ్యి మాత్రం రాదండీ," అన్నారు. ఇంకు తీసుకోవడం మర్చిపోయి ఏలూరు బస్సెక్కాను.

రెండు రోజులాగి మళ్లీ వెళ్లాను, ఈసారి పోట్లాటకి సిద్ధపడి. నర్సమ్మలు వచ్చి ఉన్నారు. వాళ్లలో ఆ లంక ఊరి నర్సమ్మా ఉంది. శెట్టిగారు సంతకాల పుస్తకం ఆమె ముందు పెట్టారు. ఆమె పెన్ను తీసుకుని, మూత తియ్యకుండా అడిగింది.

"ఇది ఏ నెల సోర్సండీ?"

"మేడం గారిదమ్మా!"

"అది కాదండీ. ఏ నెలది?"

శెట్టిగారు నా వైపు చూశారు. నేనే చెప్పించాననుకున్నారు. నిజంగా నేను ఆమెతో ఒక్క ముక్కా మాట్లాడలేదు. ఆయన అరలోంచి డ్రైవు తీసి, కాగితం మీదున్నది చదివారు. గొంతు తగ్గిపోయింది.

"అయితే నాకొద్దండీ," అంది నర్సమ్మ.

"అదేంటమ్మా! ఆవిడ చేతి పని!"

"ఆవిడ చేతి పనేనండీ, పదహారు నెలల కిందటిది. నేనూ మీలాగే దాచుకున్నానండీ ఒకసారి. మూడు రోజులు ఇళ్లూ చెరువు గట్లూ తిరిగాం. ఆమె నాలుగో చెరువు దగ్గర దొరికింది కాబట్టి సరిపోయింది, ఐదోదైతే? కొత్తది చేసి వేస్తే తీసుకెళ్తాను. లేకపోతే రిజిస్టరే రాసుకుంటానండీ. దానికి ఎవడూ తాళం వెయ్యలేడు."

పెన్ను పుస్తకం మీద పెట్టి, గుమ్మం దగ్గర స్టూలు లాక్కుని కూర్చుంది. మిగతా నర్సమ్మలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ సంతకం పెట్టలేదు. ఒకామె బెంచీ మీద సర్దుకుని కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది. పైవాళ్లు తిడతారమ్మా అని శెట్టిగారు భయపెట్టబోతే, "తిట్టనివ్వండీ. పేర్లు పోతే వెతకాల్సింది మేమే," అంది ఆమె, ఇడ్లీ తుంచుతూ.

నా అరగంట ఉపన్యాసం చేయలేని పని అది.

శెట్టిగారికి పని రాక కాదు. మేడం గారే నేర్పారు. వరస రాసుకున్న నోటుపుస్తకం ఆయన సొరుగులోనే ఉంది. సొరుగు తెరిచి అది బయట పెట్టారు. తర్వాత దండ తీసి పక్కన పెట్టారు. బొట్టు తుడిచారు. లోహపు మూతిలో పసుపు ఇరుక్కుపోయి ఉంటే అగ్గిపుల్లతో గీకి తీశారు. మిషన్‌కి గుచ్చి, "క్షమించండి మేడం గారూ," అని పైకే అని, చెరిపేశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నవ్వలేదు. నవ్వాలనిపించలేదు.

అసలు సోర్సు దగ్గర్నుంచి మొదలైంది పని. అతుకులు దిగుతుండగా కరెంటు పోయింది, వచ్చింది. దిగిన ఫైలుకి నర్సమ్మ కాగితం పట్టుకుని నాలుగేసి చొప్పున చదివింది. మొదటి నాలుగింటికే శెట్టిగారు "ఊఁహూఁ" అన్నారు. సరిపోలేదు. సగంలో దెబ్బతిన్న ఫైలు అది. దాన్ని పారేసి మళ్లీ దించారు. రెండోసారి చివరి అక్షరం దాకా "ఊఁ" అన్నారు. మర్నాడు ఒక మిషన్ మీద వేసి, ప్రింటర్ తిప్పి చూసి, ఆ తర్వాత మిగతా తొమ్మిదింటికీ వేశారు. నర్సమ్మలు మళ్లీ వచ్చి సంతకాలు పెట్టి తీసుకెళ్లారు. లంక ఊరి నర్సమ్మ మిషన్‌తో పాటు ఒక కొత్త రిజిస్టర్ కూడా కొనుక్కుంది.

కథ ఇక్కడితో అయిపోతే ఇది రాసేవాణ్ణి కాదు. నేను బయల్దేరుతుంటే శెట్టిగారు వెనకాలే మెట్లు దిగి వచ్చారు.

"మాస్టారూ, ఒక్క మాటండీ. ఆ డ్రైవు కాపీలు నేను చాలామందికి ఇచ్చానండీ. దెందులూరు, అత్తిలి, ఏలూరు... మెకానిక్కులు అడిగితే, శుభమని ఇచ్చానండీ. వాళ్లు ఇంకెవరికిచ్చారో నాకు తెలియదండీ."

తలదించుకుని చెప్పారు. ఇష్టంతో చేసిన పనే. ఆ ఇష్టమే ఎన్ని ఊళ్ల మిషన్లలో సందులు తెరిచిపెట్టిందో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు.

మీకు తెలుసు. ఇది చదువుతున్న మీలో ఎవరి సొరుగులోనో, ఎవరి బీరువాలోనో ఆ కాపీ ఉంది. ఆవిడ మీద గౌరవమని నాకు ఉత్తరం రాయకండి, సంతాపసభకి పిలవకండి. డ్రైవు తియ్యండి. మీద ఏ నెల రాసి ఉందో పైకి చదివి, ఇప్పుడే చెరిపెయ్యండి. అసలు సోర్సుతో మొదలుపెట్టి ఈ నెలది కట్టండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని అంకెలు సరిచూసుకోండి. పాతదాంతో మీరు వేసిన ప్రతి మిషన్ ఏ ఊళ్లో ఉందో రాసుకుని, ఆ ఊరికి వెళ్లండి. రోడ్డు తెగి ఉంటే దోనె ఎక్కండి. అందులో ఉన్న పేర్లు ముందు కాగితం మీదకి ఎక్కించి, ఆ తర్వాత మిషన్ తిరిగి వెయ్యండి. ఆ పేర్లలో ఒకామెకి ఈ వారమే నొప్పులు రావచ్చు. బయల్దేరండి.